‘సార్ సెడ్ దట్ ఐ విల్ కమ్’: ఈ తప్పు ఎక్కడి నుంచి వస్తోంది?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతికి డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ (ఒకరి మాటను ఉన్నదున్నట్టు చెప్పడం, మన మాటగా మార్చి చెప్పడం) మూడు వారాలుగా చెబుతున్నాను. ‘నౌ’ వస్తే ‘దెన్’, ‘టుమారో’ వస్తే ‘ద నెక్స్ట్ డే’, ‘విల్’ వస్తే ‘వుడ్’ అని పిల్లలు పట్టిక మొత్తం ఒప్పజెబుతారు. కానీ హెడ్మాస్టరు గారు నిన్న ఏమన్నారో ఇంగ్లిష్‌లో రాయమంటే సగం మంది ‘హెడ్మాస్టర్ సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాశారు. ప్రశ్నల సంగతి మరీ అధ్వానంగా ఉంది: ‘హి ఆస్క్‌డ్ మి దట్ వేర్ ఆర్ యు గోయింగ్’. ఒక అమ్మాయి లేచి, ‘టీచర్, వాళ్లమ్మకు జ్వరంగా ఉందని కదా ఆ అబ్బాయి చెప్పాడు, హాడ్ ఫీవర్ అని రాస్తే జ్వరం తగ్గిపోయినట్టు కాదా?’ అని అడిగింది. రూలు అంతేనని చెప్పి కూర్చోబెట్టాను కానీ, అప్పటి నుంచి ఆ ప్రశ్న మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఈ పాఠం చెప్పడానికి వేరే దారి ఏదైనా ఉందా? ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు వాడవచ్చా? పట్టిక లేకుండా పరీక్ష గట్టెక్కుతుందా? — ఒక ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, మీ పిల్లలు రాసిన ‘హెడ్మాస్టర్ సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అనే వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసే ముందు ఒక్కసారి తెలుగులోకి తిప్పి చదివి చూడండి. ‘హెడ్మాస్టరు గారు రేపు వస్తానన్నారు’ అవుతుంది. ఇంట్లో, బడిలో, బజారులో రోజూ మన నోట వచ్చే వాక్యమే ఇది, వీసమెత్తు తప్పు లేని వాక్యం. ఇందులో ‘వస్తాను’ అనే క్రియ చివరి ‘ను’ను గమనించండి. అది ‘నేను’ అనే కర్తకు రావలసిన ప్రత్యయం. ఇప్పుడు మాట్లాడుతున్నది పిల్లవాడు, రాబోయేది హెడ్మాస్టరు గారు. అయినా క్రియ మాత్రం హెడ్మాస్టరు గారి నోట ఎలా వచ్చిందో అలాగే ఉండిపోయింది. పిల్లవాడు ఆ ‘వస్తాను’ను నమ్ముకుని ‘ఐ విల్ కమ్’ అని రాశాడు. పాఠం వినకపోవడం వల్ల వచ్చిన తప్పు కాదిది, తెలుగు బాగా వచ్చినందువల్ల వచ్చిన తప్పు.

నిజానికి ఈ సంగతి వాళ్లు తెలుగు పీరియడ్‌లో చదువుకునేదే. ఉన్నత పాఠశాల తెలుగు వాచకాల్లో ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అనే అంశం ఉంటుంది. “నేను రేపు వస్తాను” అని రవి అన్నాడు, ఇది ప్రత్యక్ష కథనం. తాను రేపు వస్తానని రవి అన్నాడు, ఇది పరోక్ష కథనం. ‘నేను’ ఉన్న చోట ‘తాను’ వచ్చింది. ‘నా’ ఉంటే ‘తన’, ‘మేము’ ఉంటే ‘తాము’ వస్తాయి. కొటేషన్ గుర్తులు పోయాయి, ‘అని’ వచ్చి క్రియకు అతుక్కుంది. అంతటితో తెలుగులో పని పూర్తయింది. క్రియలో పురుష మారలేదు, కాలం మారలేదు, ‘రేపు’ కూడా మారలేదు. క్రియను కూడా మార్చేసి ‘రేపు వస్తాడని రవి అన్నాడు’ అంటే, వచ్చేది రవి కాదు, ఇంకెవరో అవుతారు. పైగా మాటల్లో ఆ ‘తాను’ను కూడా వదిలేసి ‘రేపు వస్తానన్నాడు’ అని తేల్చేస్తాం కనుక, ఇంగ్లిష్‌లో రాయబోయే పిల్లవాడి చెవిలో మిగిలేది ‘వస్తాను’ ఒక్కటే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పదో తరగతి పిల్లవాణ్ని ఒకణ్ని స్టాఫ్ రూముకు పంపి, లెక్కల మాస్టారికి తీరిక ఉందేమో కనుక్కుని వచ్చి ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. వాడు పరుగున వెళ్లి, పరుగున వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, ‘సార్ సెడ్ దట్ ఐ యామ్ బిజీ, సార్’ అన్నాడు. ‘నువ్వు బిజీయా?’ అన్నాను నేను. తరగతి తరగతంతా నవ్వింది, వాడు తల దించుకున్నాడు. అంతకు ముందు రోజే ఆ పిల్లవాడు పట్టిక మొత్తం ఎక్కడా తడుముకోకుండా ఒప్పజెప్పాడు. వాడికి రూలు వచ్చు; కానీ గుమ్మం దగ్గర నిలబడి ఒకరి మాటను మరొకరికి చేరవేస్తున్నప్పుడు ‘ఐ’ అనే మాట చెప్పేవాడి మీదకు తిరిగిపోతుందని వాడికి ఎవరూ చూపించలేదు. చూపించవలసినవాణ్ని నేనే.

కనుక మొదటి మందు ఒక చిన్న ప్రశ్న. పిల్లలు రాసిన వాక్యంలో ‘ఐ’, ‘మై’, ‘యు’ కనబడిన ప్రతిసారీ ‘ఈ ఐ ఎవరు?’ అని అడగండి. మీరు చెప్పకండి, వాళ్ల చేత వేలెత్తి చూపించమనండి. ‘హెడ్మాస్టర్ సెడ్ దట్ ఐ విల్ కమ్’ అని చదివిన పిల్లవాడు తన గుండె మీదే వేలు పెట్టుకోవలసి వస్తుంది. పెట్టుకోగానే వాడికే నవ్వు వస్తుంది, ‘హి’ అని తనే దిద్దుకుంటాడు.

మన బడుల్లో దీనికి ‘సన్’ సూత్రం అని ఒకటి ప్రచారంలో ఉంది. ఎస్, ఓ, ఎన్: ఫస్ట్ పర్సన్ సబ్జెక్టును బట్టి, సెకండ్ పర్సన్ ఆబ్జెక్టును బట్టి మారుతుంది, థర్డ్ పర్సన్‌కు నో ఛేంజ్. సూత్రం తప్పు కాదు, పరీక్ష హాల్లో పనికొస్తుంది కూడా. అయితే తెలుగు పిల్లలకు ఇందులో ఒక గొయ్యి ఉంది. తెలుగు వ్యాకరణంలో ‘ప్రథమ పురుష’ అంటే వాడు, ఆమె, అది. ‘నేను’ ఉత్తమ పురుష. ఇంగ్లిష్‌లో ఫస్ట్ పర్సన్ అంటే ‘నేను’. ప్రథమ అంటే ఫస్ట్ అని అనువదించుకున్న పిల్లవాడు సూత్రాన్ని పక్కాగా, పూర్తిగా తలకిందులుగా వాడతాడు. తెలుగు మాస్టారితో ఒక మాట అనుకుని, ఇద్దరూ ఒకే వారంలో ఈ పాఠం చెప్పుకుంటే ఈ గొడవ తప్పుతుంది.

ఇంకొకటి కూడా పిల్లలకు చెప్పండి, వాళ్లకు ధైర్యం వస్తుంది. ‘రాము సెడ్ టు రవి, ఐ హావ్ లాస్ట్ మై పెన్’ అనే వాక్యాన్ని మార్చి ‘రాము టోల్డ్ రవి దట్ హి హాడ్ లాస్ట్ హిజ్ పెన్’ అని రాశామనుకోండి. పోగొట్టుకున్నది ఎవరు? పెన్ను ఎవరిది? ఇంగ్లిష్ వాక్యం చెప్పలేదు. చుట్టూ ఉన్న సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసిందే. ‘తన పెన్ను పోయిందని రాము రవితో చెప్పాడు’ అని తెలుగులో అంటే రాము పెన్నే. ‘తన’ అనే మాట మనకు ఉంది, వాళ్లకు లేదు. ఈ ఒక్క చోట ఇంగ్లిష్ మన కంటే పేదదని వింటే వెనక బెంచీ పిల్లలు కూడా నిటారుగా కూర్చోవడం నేను చూశాను.

ఇక జ్వరం సంగతికి వస్తాను. ఆ అమ్మాయి అడిగినది ఈ పాఠం మొత్తానికి అసలైన ప్రశ్న. ‘మై మదర్ హాజ్ ఫీవర్’ అని పిల్లవాడు అన్నాడు. ‘హి సెడ్ దట్ హిజ్ మదర్ హాడ్ ఫీవర్’ అని మనం మార్చాం. తెలుగులో ‘జ్వరంగా ఉందని చెప్పాడు’ అంటాం. చెప్పినది నిన్న అయినా, పోయిన ఏడాది అయినా ‘ఉంది’ అలాగే ఉంటుంది. ‘జ్వరంగా ఉండిందని చెప్పాడు’ అంటే చెప్పే వేళకే తగ్గిపోయిందని అర్థం. అందుకే తెలుగు చెవికి ‘హాడ్’ అనగానే ‘ఉండింది’ అని వినబడుతుంది. ఆ అమ్మాయి చెవిలో ఏ లోపమూ లేదు.

మరి ఇంగ్లిష్ ఏం చేస్తుంది? నల్లబల్ల మీద ఒక అడ్డగీత గీయండి. కుడి చివర ఒక చుక్క పెట్టి ‘ఇప్పుడు’ అని రాయండి, మధ్యలో ఇంకో చుక్క పెట్టి ‘చెప్పిన వేళ’ అని రాయండి. తెలుగువాడు పరోక్షంగా చెప్పేటప్పుడు మనసులో ఆ మధ్య చుక్క దగ్గరకు వెళ్లి నిలబడతాడు. అక్కడి నుంచి చూస్తే జ్వరం ‘ఉంది’, రావడం ‘వస్తాను’. ఇంగ్లిష్‌వాడు కుడి చివర చుక్క దగ్గరే ఉండి వెనక్కి చూస్తాడు. కాబట్టి మధ్య చుక్క దగ్గర ఉన్నదంతా అతనికి గడిచిపోయిన కాలంలోనే కనబడుతుంది. ‘హాడ్ ఫీవర్’ అంటే ‘చెప్పిన వేళకు జ్వరం ఉంది’ అని మాత్రమే. ఇప్పుడు తగ్గిందా లేదా అన్న సంగతిని ఆ వాక్యం ముట్టుకోదు. తగ్గలేదని మనకు తెలిసి, ఆ సంగతే చెప్పాలనుకుంటే ‘హి సెడ్ హిజ్ మదర్ హాజ్ ఫీవర్’ అనడానికి ఇంగ్లిష్‌వాళ్లు ఏమాత్రం వెనుకాడరు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని మాస్టారు చెప్పారనే వాక్యంలో కాలం మారదని పుస్తకాలు ‘యూనివర్సల్ ట్రూత్’ పేరుతో విడిగా చెప్పేది కూడా ఈ కొమ్మలోదే: ఇప్పటికీ నిజమైన దాన్ని వెనక్కి నెట్టనవసరం లేదు.

ఆ గీత మీద చెప్పిన వేళకు మూడు వైపులు ఉన్నాయి. సంగతి ఆ వేళకే జరుగుతూ ఉంటే మామూలు పాస్ట్: ‘ఐ యామ్ హంగ్రీ’ అన్నాడు కనుక ‘హి సెడ్ హి వజ్ హంగ్రీ’. ఆ వేళకు ముందే జరిగిపోయి ఉంటే ‘హాడ్’: ‘ఐ హావ్ ఈటెన్’ అన్నా, ‘ఐ ఏట్’ అన్నా ‘హి సెడ్ హి హాడ్ ఈటెన్’. ఆ తర్వాత జరగవలసి ఉంటే ‘వుడ్’: ‘ఐ విల్ ఈట్’ అన్నాడు కనుక ‘హి సెడ్ హి వుడ్ ఈట్’. అప్పుడే, అంతకు ముందే, ఆ తర్వాత. మీ పట్టికలో టెన్సుల కింద ఉన్న వరసలన్నీ ఈ మూడు మాటల్లోకి దిగుతాయి. ‘కెన్’ బదులు ‘కుడ్’, ‘మే’ బదులు ‘మైట్’, ‘మస్ట్’ బదులు చాలాసార్లు ‘హాడ్ టు’ రావడం మిగిలిన చిన్న లెక్క. వుడ్, కుడ్, షుడ్, మైట్ అప్పటికే వెనక్కి జరిగి ఉన్నాయి కనుక ఇంకా జరగవు. రిపోర్టింగ్ వెర్బ్ (‘అన్నాడు’, ‘చెప్పాడు’ లాంటి క్రియ) ‘సేస్’ అని ఉంటే, అంటే ‘అంటున్నాడు’ అనే చోట, రెండు చుక్కలూ ఒకే చోట పడ్డాయి కనుక కాలంలో ఏదీ కదలదు.

హైదరాబాద్ వైపు ఉపాధ్యాయులు ఈ జవాబు చదివితే వారికి ఒక మాట. ఉర్దూ ఇంటి భాష అయిన పిల్లలకు కూడా ఈ ఇబ్బంది ఇలాగే ఉంటుంది. హిందీ, ఉర్దూల్లో ‘ఉస్‌నే కహా కి మైఁ ఆఊంగా’ (నేను వస్తానని అతను అన్నాడు) అన్నప్పుడు ‘మైఁ’ కూడా, కాలం కూడా అలాగే ఉంటాయి. ఇక్కడి ఉర్దూ అయిన దక్కనీలో అయితే తెలుగు ‘అని’ని చూసి చేసుకున్నట్టుండే ‘బోల్‌కే’ వాడకం ఉంది. ‘వస్తానని అన్నాడు’ అనే చోట ‘ఆతూఁ బోల్‌కే బోలా’ అంటారు. అందువల్ల తరగతిలో ఏ ఇంటి పిల్లలు ఉన్నా తప్పు మాత్రం ఒకే రకంగా వస్తుంది.

మీరు రాసిన రెండో తప్పు, ‘ఆస్క్‌డ్ మి దట్ వేర్ ఆర్ యు గోయింగ్’, మన బోధన నుంచే వచ్చింది. ‘అని అంటే దట్’ అని మనమే చెప్పాం. ‘అని’ ఎంత పెద్ద మాటో ఒకసారి చూడండి. ‘అను’ అనే క్రియ నుంచి పుట్టిన ఈ ముక్క మామూలు మాటకు వస్తుంది, ప్రశ్నకు వస్తుంది, ఆజ్ఞకు వస్తుంది, ఆశ్చర్యానికి వస్తుంది. ‘సినిమా చూద్దామని వెళ్లాం’ అంటే ఉద్దేశానికి, ‘జ్వరమని బడికి రాలేదు’ అంటే కారణానికి, ‘తలుపు ధడేలుమని పడింది’ అంటే చప్పుడుకు కూడా అదే. ఇంగ్లిష్ ‘దట్’ ఇందులో మామూలు మాటకు ఒక్కదానికే సరిపోతుంది. అక్కడ కూడా మాట్లాడేటప్పుడు దాన్ని వదిలేస్తారు. ప్రశ్న దగ్గర ‘దట్’కు చోటే లేదు. ఈ రెండు మాటలను జత కట్టడం ఇవాళే మానేయండి.

ప్రశ్నలకు ‘అని’ కంటే చక్కగా సరిపోయే తెలుగు రూపం ఇంకొకటి ఉంది. అది ‘ఓ’. ‘ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు’ అన్నప్పుడు అవతలివాడి నోటి మాట అలాగే ఉంది, ‘వెళ్తున్నావు’ మారలేదు. అదే ‘నేను ఎక్కడికి వెళ్తున్నానో అడిగాడు’ అంటే? ‘నువ్వు’ పోయి ‘నేను’ వచ్చింది, క్రియ కూడా ‘నేను’కు తగ్గట్టు మారింది, ప్రశ్న తన ప్రశ్నతనం పోగొట్టుకుని వాక్యంలో ఒదిగిపోయింది. ఇంగ్లిష్ ‘హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్’ కాలం ఒక్కటి తప్ప సరిగ్గా ఇదే. ‘వస్తావా అని అడిగాడు’ను ‘నేను వస్తానో లేదో అడిగాడు’ అని తిప్పితే ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర లేదు. మన ‘లేదో’ ఉన్న చోట వాళ్ల ‘వెదర్’ ఉంటుంది.

అందుచేత రిపోర్టెడ్ క్వశ్చన్లలోకి నేరుగా దూకకుండా ఒకటి రెండు రోజులు ‘తెలియదు’ వాక్యాలు చేయించండి. తాళం చెవి ఎక్కడుందో నాకు తెలియదు: ‘ఐ డోంట్ నో వేర్ ద కీ ఈజ్’. బస్సు ఎప్పుడు వస్తుందో తెలియదు: ‘ఐ డోంట్ నో వెన్ ద బస్ విల్ కమ్’. వాడి పేరేమిటో తెలియదు: ‘ఐ డోంట్ నో వాట్ హిజ్ నేమ్ ఈజ్’. ఇక్కడ టెన్సు గొడవ లేదు, మార్చవలసిన పురుష లేదు, ఉన్నది పదాల వరస ఒక్కటే. ప్రశ్నలో ముందుకు దూకిన ‘ఈజ్’, ‘విల్’ తిరిగి తమ చోటికి వచ్చి కూర్చోవడం చెవికి అలవాటు పడితే, మర్నాడు ‘ఐ డోంట్ నో’ తీసి ‘హి ఆస్క్‌డ్ మి’ పెట్టించి, కాలాన్ని ఒక మెట్టు వెనక్కి జరిపించడం పెద్ద పని కాదు. పెద్దలు కూడా అప్లికేషన్లలో ‘ఐ వాంట్ టు నో వాట్ ఈజ్ ద స్టేటస్’ అని రాయడం చూస్తూనే ఉంటాం. చిన్నప్పుడు ఈ వరస చెవికి పట్టకపోవడమే దానికి కారణం.

పాఠాన్ని ఏ క్రమంలో చెప్పాలన్న దాని మీద నాకు పుస్తకాలతో పేచీ ఉంది. అవి మామూలు వాక్యాలతో మొదలుపెట్టి, ప్రశ్నల మీదుగా వచ్చి, ఆజ్ఞలను చివరికి ఉంచుతాయి. నేను ఆజ్ఞలతోనే మొదలుపెడతాను, ఎందుకంటే తెలుగూ ఇంగ్లిషూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచే చోటు అదొక్కటే. ‘లోపలికి రా’ అన్నా, ‘లోపలికి రండి’ అన్నా, ‘లోపలికి రావయ్యా’ అన్నా మనం చెప్పేటప్పుడు ‘నన్ను లోపలికి రమ్మన్నారు’ అనే అంటాం. పిలుపులోని మర్యాద, చనువు అన్నీ జారిపోయి ‘రమ్మన్నారు’ ఒక్కటి మిగిలింది. ఇంగ్లిష్‌లో ‘కమ్ ఇన్’ కాస్తా ‘హి టోల్డ్ మి టు కమ్ ఇన్’ అవుతుంది. ‘నన్ను’కు ‘మి’, ‘రమ్మన్నారు’కు ‘టోల్డ్, టు కమ్’. కూర్చోమన్నారు, చదవమన్నారు, తినమన్నారు, పొమ్మన్నారు: పిల్లలు ఒక పీరియడ్‌లో ముప్పై వాక్యాలు అల్లేస్తారు. ‘అరవొద్దన్నారు’ వచ్చినప్పుడు ‘టోల్డ్ అస్ నాట్ టు షౌట్’. కాలం మార్చనక్కర లేదు, ‘దట్’ పెట్టనక్కర లేదు. మార్చడం అంటే భయం లేదన్న నమ్మకం మొదటి రోజే కుదురుతుంది.

ఆ పీరియడ్‌లోనే ‘టోల్డ్’, ‘సెడ్’ తేడా కూడా తేల్చెయ్యండి. మనకు ‘నాకు చెప్పాడు’, ‘నాతో అన్నాడు’ అని రెండింటికీ ప్రత్యయం కావాలి. అందుకే పిల్లలు ‘టోల్డ్ టు మి’ అంటారు. ‘టోల్డ్’ పక్కన మనిషి నేరుగా వచ్చి కూర్చోవాలి, మధ్యలో ‘టు’ ఉండదు. ‘సెడ్’ పక్కన మనిషి రావాలంటే ‘టు’ తోడు కావాలి. ‘హి టోల్డ్ దట్’ అని మనిషిని వదిలేసి రాసేది కూడా ఇక్కడే ఆగుతుంది.

తరగతిలో చేయించడానికి నాకు బాగా పనికొచ్చిన ఆట పేరు ‘కబురు’. ఒక పిల్లవాణ్ని కిటికీ దగ్గర, ఇంకొకణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, మధ్యలో ఒక అమ్మాయిని కబురు మోసే మనిషిగా పెట్టండి. కిటికీ దగ్గరివాడు అమ్మాయి చెవిలో ఒక వాక్యం చెబుతాడు, ఆమె వెళ్లి గుమ్మం దగ్గరివాడికి ఇంగ్లిష్‌లో చేరవేస్తుంది. వాడు మళ్లీ బదులు పంపుతాడు. ఇందులో మీరు చేయవలసిన గమ్మత్తు ఒకటుంది. సోమవారం ఒక పిల్లవాడు ‘ఐ విల్ బ్రింగ్ మై నోట్‌బుక్ టుమారో’ అన్నాడనుకోండి. అదే పీరియడ్‌లో చేరవేస్తే ‘హి సెడ్ హి వుడ్ బ్రింగ్ హిజ్ నోట్‌బుక్ టుమారో’ అనడమే సరైనది, ఎందుకంటే రేపు ఇంకా రేపే. ఆ వాక్యాన్ని బల్ల మూల రాసి, తేదీ వేసి, చెరపకుండా ఉంచండి. మంగళవారం అడిగితే అది ‘టుడే’ అవుతుంది. శుక్రవారం అడిగితే ‘ద నెక్స్ట్ డే’ అవుతుంది. ‘టుమారో’ ఎప్పుడు ‘ద నెక్స్ట్ డే’ అవుతుందో పట్టిక చెప్పదు, క్యాలెండరు చెబుతుంది. ‘హియర్’ కూడా అంతే. అదే గదిలో నిలబడి చెబుతుంటే ‘దేర్’ అనడం వెర్రితనం. పరీక్షలో చెప్పిన చోటూ, చెప్పిన రోజూ ఇవ్వరు కనుక, దూరంగా, తర్వాత ఎప్పుడో చెబుతున్నట్టు అనుకుని మార్చమని అడుగుతున్నారని పిల్లలకు వివరించండి. అప్పుడు పట్టిక వాళ్లకు శాసనంలా కాక ఒక ఒప్పందంలా కనబడుతుంది.

ఇంటి నుంచి తెలుగు దినపత్రిక తెప్పించుకోండి. పరోక్ష కథనం సొంతిల్లు దినపత్రికే. ‘తాను ఏ తప్పూ చేయలేదని స్పష్టం చేశారు’, ‘నిధులు దారి మళ్లాయని ఆరోపించారు’, ‘పది రోజుల్లో రోడ్డు వేయిస్తానని హామీ ఇచ్చారు’, ‘తాను పోటీ చేయనని వెల్లడించారు’. ‘అన్నారు’ అనే ఒక్క మాటకు మన విలేఖరుల దగ్గర ఎన్ని రంగులున్నాయో పిల్లలనే ఏరమనండి, ఆ తర్వాత ప్రామిస్‌డ్, అలెజ్‌డ్, అడ్మిటెడ్, వార్న్‌డ్, రిఫ్యూజ్‌డ్ అనే మాటలు వాటి పక్కన పెట్టించండి. ‘రానన్నాడు’కు ‘హి సెడ్ దట్ హి వుడ్ నాట్ కమ్’ కంటే ‘హి రిఫ్యూజ్‌డ్ టు కమ్’ ఎంత సూటిగా ఉందో వాళ్లే చెబుతారు. ‘మండిపడ్డారు’కు ఇంగ్లిష్‌లో ఏం పెట్టాలో ఏ ఏడాదీ నా తరగతిలో తేలలేదు, కానీ ఆ వాదన జరిగిన రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆశ్చర్యార్థకాల గురించి పెద్దగా రాయను. ‘హుర్రే’కు ‘ఎక్స్‌క్లెయిమ్‌డ్ విత్ జాయ్’, ‘అలాస్’కు ‘ఎక్స్‌క్లెయిమ్‌డ్ విత్ సారో’ అనేవి పరీక్ష పేపరులో తప్ప బయట వినబడని ఇంగ్లిష్. ‘అబ్బ, ఎంత ఎండో!’ అని ఆమె అన్న మాటను ఎవరైనా ‘షి సెడ్ ఇట్ వజ్ వెరీ హాట్’ అని చేరవేస్తారు, అంతే. పరీక్ష కోసం ఒక పీరియడ్ కేటాయించి, ఇది పరీక్ష ఇంగ్లిష్ అని పిల్లలకు చెప్పేసి ముందుకు సాగండి.

పరీక్షకు పట్టిక కావాలా అని అడిగారు. కావాలి, కానీ చివర్లో కావాలి. రెండు వారాలు కబుర్లు మోసి, గీత మీద చుక్కలు పెట్టి, క్యాలెండరు చూసుకున్నాక, ‘మనం ఇన్నాళ్లూ ఏమేం మార్చాం?’ అని అడిగి, పట్టికను పిల్లల చేత రాయించండి. ముద్రించిన పట్టికలో ఉన్నవే ముప్పావు వంతు వాళ్లు చెబుతారు, మిగిలినవి మీరు చేర్చవచ్చు. పరీక్షకు ముందు కొటేషన్ గుర్తులు, కామా, ప్రశ్నార్థకం తీసేయడం మీద ఒక అరగంట కేటాయించండి. వాక్యం అంతా సరిగ్గా మార్చి చివర ప్రశ్న గుర్తు ఉంచి మార్కు పోగొట్టుకున్న పిల్లలను చాలా మందిని చూశాను.

ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు వాడవచ్చా అన్నదానికి నా జవాబు ఇంతవరకు చదివిన మీకు అర్థమయ్యే ఉంటుంది. పాఠం మొత్తం తెలుగులో చెప్పి చివర ఇంగ్లిష్ వాక్యం ఒకటి అంటించడం వేరు, పిల్లల నోట ఉన్న తెలుగు వాక్యం ఎక్కడ ఇంగ్లిష్‌కు అడ్డం పడుతోందో చూపడానికి ఒక్క నిమిషం తెలుగు వాడటం వేరు. ఆ ఒక్క నిమిషానికి ఎవరైనా అభ్యంతరం చెబితే, ‘రేపు వస్తానన్నారు’ అనే వాక్యాన్ని వారినే అక్కడికక్కడ ఇంగ్లిష్‌లో చెప్పమని అడగండి.

నోటుబుక్కులు దిద్దేటప్పుడు ఒక పని చేయండి. తప్పు వాక్యం పక్కన సరైన వాక్యం రాసి ఇవ్వకండి. దాన్ని పిల్లలు చూసి రాసి ఊరుకుంటారు. ‘ఐ’ చుట్టూ సున్నా చుట్టి ‘ఎవరు?’ అని రాయండి, ‘విల్’ చుట్టూ సున్నా చుట్టి ‘ఎప్పటి నుంచి చూస్తే?’ అని రాయండి, ‘దట్ వేర్’ కనబడితే ‘దట్’ మీద ఒక అడ్డగీత మాత్రం గీయండి. జ్వరం గురించి అడిగిన ఆ అమ్మాయిని మాత్రం నోటుబుక్కు వరకు ఆగకుండా రేపే బల్ల దగ్గరకు పిలిచి, ఆ గీత, రెండు చుక్కలూ ఆమె చేతే గీయించి, ‘హాడ్ ఫీవర్’ ఏ చుక్క దగ్గర పడుతుందో తరగతికి ఆమెనే చెప్పమనండి.